ఫోన్ చేసి రండి: ఒరెగాన్ చలికొండల మీద ద్రాక్ష రైతుల చరిత్ర

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక దొరికినప్పుడు చదవండి.

అమెరికాలో పడమటి సముద్రం ఒడ్డున, కాలిఫోర్నియాకు ఉత్తరాన ఒరెగాన్ అనే రాష్ట్రం ఉంది. అందులో విలామెట్ లోయ అని సుమారు 150 మైళ్ల పొడవున సాగే లోయ. మన తెలుగు పిల్లలు చాలామంది ఆ లోయ ఉత్తరపు కొసన హిల్స్‌బరో, బీవర్టన్ ఊళ్లలో ఇంటెల్ లాంటి కంపెనీల్లో పని చేస్తున్నారు. అక్కడి నుంచి కారులో గంట లోపు పోతే కొండల మీద ద్రాక్ష తోటలు, తోట పక్కనే వైను చేసే షెడ్లు కనబడతాయి. వాటిలో చిన్న తోటలవాళ్లకు ఒక పద్ధతి ఉంది. వైను రుచి చూసి కొనుక్కోవాలంటే ముందుగా అడిగి, రోజూ టైమూ ఖాయం చేసుకొని రావాలి. ఎంతమంది వస్తారో కూడా చెప్పాలి. ఊరికే వచ్చి హారన్ కొడితే గేటు తీయరు.

అమ్ముకోవాల్సిన సరుకు ఇంట్లో పెట్టుకొని గేటు మూసుకునే రైతు ఎవరు? మనం చూస్తే యార్డుకు పొద్దున్నే సరుకు తోలి, బీటు ఎప్పుడు మొదలైతే అప్పటిదాకా కుప్ప దగ్గర కూర్చుంటాం. కొనేవాడు ఎప్పుడొస్తే అదే మనకు టైము. మరి వాళ్లకు "ఫలానా రోజు, ఫలానా గంటకు రండి" అని చెప్పే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? దాని వెనక అరవై ఏళ్ల చరిత్ర ఉంది. అది మనకు పనికొచ్చే చరిత్ర అనిపించి రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఎవరినీ తాగమని చెప్పే పోస్టు కాదిది. తాగుడు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు ముంచిందో నాకూ తెలుసు. ఇక్కడ నా దృష్టి పంట మీద, అమ్మకం మీద.

నిషేధం తర్వాత మిగిలిన దళారీ

ఒరెగాన్‌లో 1916 నుంచే మద్యనిషేధం వచ్చింది. దేశమంతా 1920 నుంచి 1933 దాకా నిషేధమే. మనం 1995లో చూసిన నిషేధం రెండేళ్లలో సడలింది. వాళ్లది అంతకంటే చాలా పొడుగు. ఆ దెబ్బకు అంతకుముందున్న కొద్దిపాటి ద్రాక్ష తోటలు, వైను చేసే పని రెండూ అడుగంటాయి.

నిషేధం ఎత్తేశాక చాలా రాష్ట్రాల్లో ఒక కట్టుబాటు పెట్టారు. చేసేవాడు టోకు వ్యాపారికి అమ్మాలి, టోకు వ్యాపారి దుకాణానికి అమ్మాలి, దుకాణం తాగేవాడికి అమ్మాలి. మూడు మెట్లు. పెద్ద కంపెనీకి దీనితో ఇబ్బంది లేదు, లారీల కొద్దీ పంపుతుంది. చిన్నవాడు నూరు పెట్టెలు తెచ్చి "నాది కూడా అమ్మిపెట్టండి" అంటే టోకు వ్యాపారి ఎందుకు పట్టించుకుంటాడు? పట్టించుకున్నా, దుకాణంలో పలికే ధరలో సుమారు సగమే చేసినవాడి చేతికి వస్తుంది. మన అడ్తి లెక్కలు తెలిసినవాళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు.

అయితే తన వైనరీ దగ్గర తానే సీసా అమ్ముకునే దారి ఒకటి ఉంది. చిన్నవాళ్ల కథ అంతా ఆ దారి చుట్టే నడిచింది.

చలికి పండదన్నారు

డేవిడ్ లెట్ అనే యువకుడు కాలిఫోర్నియాలో డేవిస్ యూనివర్సిటీలో ద్రాక్ష సాగు చదివాడు. ఆయనకు పినో నువార్ అనే రకం మీద పట్టు కుదిరింది. ఫ్రాన్సులో బర్గండీ ప్రాంతపు రకం అది. నల్లటి చిన్న గుత్తి, పల్చటి తోలు, వానకు తొందరగా కుళ్లు పడుతుంది. వేడి ఎక్కువైతే తొందరగా పండి వాసన పోగొట్టుకుంటుంది. చల్లటి చోట నెమ్మదిగా పండితేనే దాని పులుపు నిలుస్తుంది, సువాసన వస్తుంది. కాలిఫోర్నియా వేడి దీనికి ఎక్కువని లెట్ లెక్క వేశాడు. ఒరెగాన్ అయితే సరిపోతుందన్నాడు. చదువు చెప్పినవాళ్లు వద్దన్నారు. అక్కడ చలి, మంచు, వాన, ద్రాక్ష పండదని వాళ్ల నమ్మకం.

ఆయన వినలేదు. 1965లో సుమారు 3,000 ద్రాక్ష కటింగులు వేసుకొని ఒరెగాన్ పోయాడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. ముందు కార్వాలిస్ ఊరి దగ్గర నారుమడిలో వాటికి వేర్లు పట్టించి, సరైన భూమి కోసం వెతికాడు. 1966లో డండీ కొండల మీద పాత ప్లమ్ తోట ఉన్న చోట నాటాడు. కొత్తగా పెళ్లైంది. భార్య డయానాతో కలిసి మొక్కలు నాటడమే వాళ్ల కొత్త కాపురం. తోటకు ఈరీ అని పేరు పెట్టారు. అంటే డేగ గూడు. తోట పైన చెట్ల మీద డేగలు గూడు కట్టి ఉండేవి.

ఆ నేల గురించి చెప్పాలి. జోరీ మట్టి అంటారు. పాత అగ్నిపర్వతపు రాయి అరిగి ఏర్పడిన ఎర్రమట్టి. ఫొటో చూస్తే మన ఎర్ర చెలక అనుకుంటారు. వాన అక్కడ చలికాలంలోనే ఎక్కువ. ఎండాకాలం పొడిగా ఉంటుంది, ఎండ మనలాగ మాడ్చదు. చలికాలంలో ఆకు మొత్తం రాలి చెట్టు నిద్రపోతుంది. అందుకే కత్తిరింపు ఏడాదికి ఒక్కసారే. మన హైదరాబాద్ వైపు ద్రాక్షకు నిద్ర లేదు కాబట్టి ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబర్‌లో ఒక కత్తిరింపు చేసి, పంట ఒక్కటే తీసేవాళ్లం. వాళ్లకు చలే ఆ పని చేసిపెడుతుంది.

ఆయన ఒక్కడే కాదు. అంతకంటే ముందే 1961లో రిచర్డ్ సోమర్ అనే ఆయన ఒరెగాన్ దక్షిణాన అంప్‌క్వా లోయలో నాటాడు. లెట్ వెనకే డిక్ ఎరాత్, డిక్ పాంజీ, సోకోల్ బ్లాసర్ దంపతులు, డేవిడ్ అడెల్‌షైమ్ లాంటివాళ్లు వచ్చారు. తరతరాల ద్రాక్ష రైతులు వీళ్లలో లేరు. ఎరాత్, పాంజీ ఇంజనీర్లు. పంట మీద కూడు పుట్టేదాకా వేరే సంపాదన ఉండాల్సి వచ్చింది. లెట్ కాలేజీ పుస్తకాలు అమ్మే ఉద్యోగం చేసుకుంటూ తోట చూసుకున్నాడు.

మొదటి వైను 1970లో తీశాడు. వైనరీ అంటే రాతి భవనం అనుకోకండి. మెక్‌మిన్‌విల్ ఊళ్లో టర్కీ కోళ్లను కోసి శుభ్రం చేసే పాత షెడ్డు. ఆ మొదటి ఏడు పినో నువార్ రంగు పల్చగా వచ్చింది. అనుకున్నంత బలం లేదని ఆయనకే అనిపించి, పినో నువార్ అన్న పేరు వేయకుండా "ఒరెగాన్ స్ప్రింగ్ వైన్" అని రాసి అమ్మాడు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన మొదటి పంట మీద సొంత రకం పేరు వేసుకోకపోవడం మామూలు విషయం కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

పారిస్‌లో పరీక్ష

1979లో పారిస్‌లో గో-మియో అనే పత్రికవాళ్లు పెద్ద పోటీ పెట్టారు. సీసా మీద పేరు కనబడకుండా రుచి చూడటం. లెట్ 1975లో తీసిన పినో నువార్ పెద్ద పెద్ద బర్గండీ వైన్ల నడుమ మొదటి పదిలో నిలిచింది. బర్గండీ వ్యాపారి రోబేర్ ద్రూఆన్‌కు నమ్మకం కలగలేదు. 1980లో బోన్ పట్టణంలో మళ్లీ పోటీ పెట్టించాడు. ఈసారి ద్రూఆన్ వాళ్ల 1959 నాటి వైను మొదటిది, లెట్ వైను రెండోది. తేడా 0.2 మార్కులు.

ఆ తర్వాత ద్రూఆన్ చేసిన పని చూడండి. ఆయన కూతురు వెరోనిక్ 1986 కోతల కాలంలో ఒరెగాన్ వచ్చి అక్కడి చిన్న వైనరీల్లో పని చేసింది. 1987లో ఆ కుటుంబం డండీ కొండల మీదే భూమి కొన్నది. చలికి పండదన్న నేల మీద బర్గండీవాళ్లే వచ్చి నాటుకున్నారన్నమాట.

అపాయింట్‌మెంట్ ఎందుకు పుట్టింది

పేరొచ్చింది. జనం రావడం మొదలైంది. ఇక్కడే చిన్నవాడికి అసలు తిప్పలు.

ఒక అయిదు ఎకరాల తోట అనుకుందాం. మంచి పినో నువార్ కావాలంటే ఎకరాకు రెండు మూడు టన్నులే ఉంచుతారు, మిగతా గుత్తులు పచ్చిగా ఉన్నప్పుడే కోసి పారేస్తారు. ఎకరాకు పది టన్నులు తీసిన మనోళ్లకు ఇది నవ్వులాట. రెండున్నర చొప్పున పన్నెండున్నర టన్నులు. టన్నుకు సుమారు 700 సీసాలు. అంటే ఏడాదికి తొమ్మిది వేల సీసాల లోపు. ఈ తోటకు మనుషులు ఎంతమంది? భార్యాభర్తలు, ఒకరిద్దరు పనివాళ్లు. కత్తిరించేది వాళ్లే, మందు కొట్టేది వాళ్లే, పీపాలు కడిగేది వాళ్లే. పొద్దంతా గేటు తెరిచి కౌంటర్ దగ్గర మనిషిని నిలబెట్టడం ఎట్లా?

సోకోల్ బ్లాసర్ లాంటి కొందరు 1970ల చివరలోనే రుచి చూసే గది కట్టి జనానికి తెరిచారు. చాలామంది చిన్నవాళ్లు వేరే దారి పట్టారు. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండుగ వారాంతం, మే నెలాఖరు సెలవుల వారాంతం, ఈ రెండుసార్లు గేట్లు బార్లా తెరిచేవాళ్లు. మిగతా రోజుల్లో అడిగి వచ్చినవాళ్లకే. పండుగ వారాంతం తిరునాళ్ల లెక్క ఉంటుంది. తీరిగ్గా కూర్చొని మాట్లాడాలంటే అపాయింట్‌మెంట్.

దీనిలో ఒక లెక్క ఉంది, నాకు బాగా నచ్చింది. సీసా అంటే 750 మిల్లీలీటర్లు. రుచికి ఒక్కొక్కరికి 30 మిల్లీలీటర్లు పోశారనుకోండి. అయిదు రకాలు చూపించాలంటే అయిదు సీసాలు తెరవాలి. చెప్పకుండా ఇద్దరు వచ్చి పోతే ఒక్కో సీసాలో 60 మిల్లీలీటర్లే ఖర్చవుతుంది. గాలి తగిలిన వైను మర్నాటికి రుచి మారుతుంది, ఇంకొకరికి చూపించలేరు. అదే శనివారం ఆరుగురేసి నాలుగు గుంపులను పిలిస్తే 24 మంది. ఒక్కో సీసాలో 720 మిల్లీలీటర్లు అయిపోతుంది. దాదాపు చుక్క వృథా లేదు. ముందే ఎంతమంది వస్తారని అడగడం వెనక మర్యాదతో పాటు ఈ లెక్క కూడా ఉంది.

ఏ రోజు పిలవాలనేది కూడా పంటే చెబుతుంది. సెప్టెంబర్, అక్టోబర్ కోతల కాలం. అప్పుడు షెడ్డులో రసం పులుస్తూ ఉంటుంది, ఊపిరాడకుండా చేసే గాలి కమ్ముకుంటుంది. తెలియనివాళ్లను ఆ రోజుల్లో లోపలికి రానివ్వడం ప్రమాదం. సీసాల్లో నింపే రోజుల్లో కూడా వీలు పడదు. మందు కొట్టిన తర్వాత తోటలోకి ఎవరినీ పంపకూడదు. అడిగి వచ్చే పద్ధతి ఉంటే ఇవన్నీ చూసుకొని రోజు ఇస్తారు.

వచ్చినవాళ్లకు జరిగేది గంటా గంటన్నర పని. ముందు తోట అంచున నిలబెట్టి నేల చూపిస్తారు. తర్వాత బల్ల దగ్గర కూర్చోబెట్టి తెల్ల వైను ముందు, ఎర్రది తర్వాత, తేలికది ముందు, ముదురుది తర్వాత. నడుమ మంచినీళ్లు, ఉప్పు కారం లేని రొట్టె ముక్క. అత్తరు పూసుకొని రావద్దని ముందే చెబుతారు, వైను వాసన తెలియదని. ఉమ్మేయడానికి పాత్ర పెడతారు. రుచి చూసి ఉమ్మేయడం అక్కడ తప్పు కాదు, బండి నడిపేవాళ్లు అట్లాగే చేస్తారు. ఒకప్పుడు చాలాచోట్ల ఊరికే పోసేవాళ్లు, ఇప్పుడు రుసుము తీసుకుంటున్నారు. సీసాలు కొంటే రుసుము మాఫీ చేసేవాళ్లూ ఉన్నారు.

మన దగ్గర ఇది పూర్తిగా తెలియని సంగతేమీ కాదు. మంచి కల్లు కావాలంటే పొద్దున్నే గౌడన్న చెట్టు దించే టైముకు వనంలోకి మనమే పోతాం. ఆయన మన ఇంటికి రాడు.

చల్లటి చోట మాట అవసరం

ఇంకో కారణం వాతావరణం. వేడి ప్రాంతంలో ఏటా పంట ఇంచుమించు ఒకే తీరుగా వస్తుంది. చలి ప్రాంతంలో ఏ ఏటికి ఆ ఏడే. ఒరెగాన్‌లో 1983, 1985 మంచి ఏళ్లు. నడుమ 1984 చలీ వానా కలిసి ముంచింది. అదే తోట, అదే మనిషి, సీసాలో సరుకు మాత్రం వేరు. దుకాణం అరలో పెడితే ఈ సంగతి ఎవరు చెబుతారు? కొన్నవాడు "పోయినసారి బాగుండె, ఈసారి పల్చగా ఉంది" అని వదిలేస్తాడు. రైతు ఎదురుగా కూర్చొని "ఈ ఏడు కోతల ముందు వాన పట్టుకుంది, అందుకే తేలిగ్గా వచ్చింది, దీన్ని తొందరగా వాడుకోండి, ఆ పాతదాన్ని దాచుకోండి" అని చెబితే వింటాడు. రెండూ కొంటాడు.

ఇప్పుడు లెట్ మొదటి సీసా మీద పెట్టిన పేరు గుర్తు చేసుకోండి. పల్చగా ఉన్నదాన్ని పల్చగా ఉందని ఒప్పుకొని అమ్మినవాడి మాటను మళ్లీ వచ్చినప్పుడు నమ్ముతారు. ఆ రైతులందరూ కలిసి దీన్ని రాష్ట్రం నియమంగానే చేయించుకున్నారు. 1977లో వచ్చిన నియమాల ప్రకారం సీసా మీద పినో నువార్ అని రాస్తే అందులో 90 శాతం ఆ రకమే ఉండాలి. దేశమంతటికీ ఉన్న నియమం తర్వాత 75 శాతం దగ్గర ఆగింది. బర్గండీ, షాబ్లీ లాంటి ఫ్రాన్సు ప్రాంతాల పేర్లు తమ సీసాల మీద వాడుకోవద్దని కూడా కట్టుబడ్డారు. ఎవరో పైనుంచి రుద్దింది కాదు. రైతులే అడిగి తమ చేతులు తాము కట్టుకున్నారు.

అట్లాగే వైను ద్రాక్ష మీద తమకు తామే పన్ను వేయించుకున్నారు. తర్వాతి కాలంలో అది టన్నుకు 25 డాలర్లు. ఆ డబ్బు పరిశోధనకు, ప్రచారానికి. 1990లో ఫిలోక్సెరా అనే వేరుపేను విలామెట్ లోయలో బయటపడింది. అప్పటిదాకా చాలామంది కటింగు నేరుగా నేలలో నాటినవాళ్లే. మన ద్రాక్ష రైతులు డాగ్రిడ్జ్ వేరు మీద అంటు కట్టినట్టు, వాళ్లు కూడా తట్టుకునే వేరు మీద అంటు కట్టి తోటలు మళ్లీ నాటుకోవాల్సి వచ్చింది. ఇట్లాంటప్పుడు చందా పోగేసి పెట్టుకున్నవాళ్లకు శాస్త్రవేత్తను అడిగే హక్కు ఉంటుంది.

కూలీల సంగతి కూడా మరవలేదు. 1991లో సలూద్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, వైను వేలం వేసి, ఆ డబ్బుతో తోటల్లో పనిచేసే సీజను కూలీలకు వైద్యం చూపిస్తున్నారు. వైద్యులు తోట దగ్గరికే వస్తారు.

నేలను కాపాడిన చట్టం

ఇంత కథకూ అడుగున ఉన్నది భూమి చట్టం. 1973లో గవర్నర్ టామ్ మెకాల్ కాలంలో ఒరెగాన్ శాసనసభ "సెనేట్ బిల్ 100" అనే చట్టం చేసింది. ప్రతి పట్టణం చుట్టూ గీత గీయాలి. గీత లోపల ఇళ్లు, బయట సాగు. కొండ వాలులు ఏ కోవలోకి పోవాలన్న దగ్గర తగువు వచ్చింది. పల్లంలో గోధుమ, గడ్డి పండే నేలే మంచి నేల, కొండ వాలు ఎట్లాగూ పనికిరాదు, అక్కడ ఇళ్లు కట్టుకుంటే దృశ్యం బాగుంటుంది అని ఒక వాదన. ద్రాక్ష రైతులు అధికారుల ముందుకు పోయి పోరాడారు. మా పంటకు ఆ వాలే కావాలి, పల్లంలో మంచు పట్టి చెట్టు చస్తుంది అని నిరూపించారు. అప్పటికి వాళ్లు గుప్పెడు మంది, పంట ఇంకా పేరు తెచ్చుకోలేదు. అయినా డండీ కొండలు సాగుభూమిగా మిగిలాయి.

ఇది చదివినప్పుడు నాకు మన హైదరాబాద్ చుట్టుపక్కల తోటలే కళ్ల ముందు మెదిలాయి. అనాబ్-ఎ-షాహీ అంటే హైదరాబాద్‌దే పేరు. మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు పందిళ్లు ఎట్లా ఉండేవో మా వయసువాళ్లకు తెలుసు. నీళ్లు తగ్గాయి, కూలీ పెరిగింది, తెగుళ్లు వచ్చాయి, అన్నీ నిజమే. వాటన్నిటి మీద ప్లాటు ధర వచ్చి కూర్చుంది. పందిరి రాళ్లు పీకి హద్దురాళ్లు పాతారు. ఏ ఒక్క రైతునూ తప్పు పట్టలేం, బిడ్డ పెళ్లి, అప్పు, ఎవరి బాధ వాళ్లది. గీత గీసే చట్టం మనకు లేకపోయింది, ఉండాలని అడిగిన గుప్పెడు మంది కూడా లేకపోయారు. నగరం పక్కనే తోట ఉంటే కొనేవాడు కారేసుకొని గేటు దగ్గరికి వస్తాడు. మనకు నగరం దగ్గరికొచ్చే నాటికి తోట లేదు.

బాగున్నదంతా చెప్పి బాగులేనిది దాచకూడదు

2005లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. సొంత రాష్ట్రం వైనరీలకు ఇంటికి పంపే వీలు ఇచ్చి, పక్క రాష్ట్రం వాళ్లకు లేదనడం చెల్లదన్నది. దాంతో ఒకసారి తోటకొచ్చి పోయినవాళ్లకు తర్వాత సీసాలు పంపడానికి చాలా రాష్ట్రాల్లో దారులు తెరుచుకున్నాయి. అసలు లాభం అక్కడ ఉంది. నా అయిదెకరాల లెక్కే తీసుకోండి. వారానికి రెండు రోజులు, రోజుకు నాలుగు గుంపులు, ఏడాదికి నలభై వారాలు. మొత్తం 320 గుంపులు. గుంపుకు ఆరు సీసాలు కొన్నా 1,920. మొత్తం పంటలో అయిదో వంతు దాటి కొంచెం. అయితే టోకులో సగం ధరే కాబట్టి, ఇవి 3,840 సీసాలు టోకుకు అమ్మినంత డబ్బు. పైగా ఆ వచ్చినవాళ్ల చిరునామా పుస్తకంలో చేరుతుంది. వచ్చే ఏడు ఉత్తరం రాస్తే ఆర్డరు వస్తుంది.

2020లో కరోనా వచ్చి, అందరూ చెట్ల కింద బల్లలు వేసి, టైము ఇచ్చి పిలవడం మొదలుపెట్టారు. పెద్దవాళ్లు కూడా అపాయింట్‌మెంట్ దారికి వచ్చారు. అదే ఏడు సెప్టెంబర్‌లో అడవులు కాలి పొగ తోటల మీద పడింది. పొగ వాసన పట్టిందని చాలామంది ఆ ఏడు ఎర్ర పినో నువార్ చేయనే లేదు.

పేరు పెరిగినకొద్దీ భూమి ధర పెరిగింది. పెద్ద కంపెనీలు వచ్చాయి. ఎరాత్ పేరు 2006లో వాషింగ్టన్ రాష్ట్రపు పెద్ద కంపెనీకి పోయింది. పాంజీ వైనరీని 2021లో ఫ్రాన్సు బోలాంజే వాళ్లు కొన్నారు. ఈరీ మాత్రం కుటుంబంలోనే ఉంది. లెట్ 2008లో చనిపోయాడు, అంతకుముందే కొడుకు జేసన్ పని అందుకున్నాడు. ఈరోజు పాతికేళ్ల కుర్రాడు పుస్తకాలు అమ్ముకుంటూ ఆ కొండ మీద భూమి కొనగలడా అంటే కష్టమే. చట్టం ప్లాట్ల నుంచి నేలను కాపాడింది, పెద్ద పెట్టుబడి నుంచి చిన్న రైతును కాపాడలేదు.

మనకు ఏం పనికొస్తుంది

వాళ్లను చూసి మనం కూడా రేపటి నుంచి గేటు మూసుకుంటే సరుకు కుళ్లిపోతుంది. ఇక్కడ పెద్ద తేడా ఒకటుంది. వైను పీపాలో ఉంటే తొందరగా పాడు కాదు, కొంతకాలం ఆగితే ధర కూడా రావచ్చు. అందుకే వాళ్లు "వచ్చే శనివారం రండి" అనగలిగారు. టమాట రైతు ఆ మాట అనలేడు. మామిడి పండు నాలుగు రోజులు ఆగదు. కొనేవాడికి ఆ సంగతి తెలుసు కాబట్టే మనల్ని కూర్చోబెడతాడు.

మరి ఆగే సరుకు మన దగ్గర లేదా? పసుపు ఉంది. ఎండుమిర్చి, చింతపండు ఉన్నాయి. బెల్లం, గానుగ నూనె, తేనె, నెయ్యి ఉన్నాయి. పాత బియ్యం అయితే ఏడాది ఆగితేనే విలువ. పండిన పంటలో పదో వంతు అయినా ఆగే రూపంలోకి మార్చి ఇంట్లో పెట్టుకుంటే, ఆ పదో వంతుకు మనమే టైము చెప్పవచ్చు. నెలకు రెండు ఆదివారాలు, ముందే ఫోన్ చేసినవాళ్లకు, రోజుకు మూడు నాలుగు కుటుంబాలు. చెలక చూపించాలి, వండి రుచి చూపించాలి, ఏ మందు కొట్టామో దాచకుండా చెప్పాలి, ఈ ఏడు సరుకు తక్కువరకం అయితే ఆ మాట కూడా చెప్పాలి. నంబరు రాసుకోవాలి. మిగతా తొమ్మిది వంతులు యార్డుకే పోతాయి, పోనివ్వండి.

ఒక్కరితో ఇది నిలబడదు. ఒరెగాన్‌లో కూడా పక్కపక్క తోటలు పది కలిస్తేనే జనం కారెక్కారు. ఒక ఊళ్లో అయిదుగురు ఒకే మాట మీద ఉండి, కల్తీ చేసినవాడిని తామే బయట పెట్టగలిగితే మొదలుపెట్టవచ్చు. లెట్ నాటింది 1966, పారిస్‌లో పేరొచ్చింది 1979. నడుమ పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లూ ఇంకో సంపాదన ఉండబట్టే నిలబడ్డారన్నది కూడా మరవొద్దు. ఉన్న పంట మానేసి దీనిలో దిగమని నేను చెప్పను.

మీ ఊళ్లో ఆగే సరుకు ఏముంది, ఎన్ని నెలలు ఆగుతుంది, దాచడానికి జాగా ఎవరికుంది? కామెంట్లలో రాయండి. పసుపు, పాత బియ్యం ఉన్నవాళ్లు తప్పకుండా రాయండి. లెక్కలు కలిపి చూద్దాం.